నల్లపిట్ట నోట్లో ఏముంది

మా ఇంట్లో పుస్తకాలు మూడే మూడు. ఒకటి పంచాంగం, అది ఏడాదికోసారి మారిపోతుంది. రెండోది రొయ్యల మేత అమ్మేవాళ్ళు ఇచ్చిన డైరీ, అందులో మా అబ్బాయి ఏ గుంటలో నీళ్ళు ఎంత ఉప్పగా ఉన్నాయో రాసుకుంటాడు. మూడోది బొమ్మల పుస్తకం. మొదటి రెండింటినీ ఎవరూ పైకి చదవరు. మూడోదాన్ని మాత్రం ఇరవై తొమ్మిదేళ్ళ నుంచి, మధ్యలో కొన్నేళ్ళు తప్ప, చదువుతూనే ఉన్నాం. చదివింది ఎక్కువగా నేనే. నాకు చదువు రాదన్న సంగతి కాసేపు పక్కన పెట్టండి, అక్కడికే వస్తున్నాను.

అది మా ఇంటికి వచ్చినప్పుడు మా అబ్బాయికి మూడేళ్ళు. అప్పుడే మా వైపు వరి పొలాలు తవ్వి రొయ్యల గుంటలు చేస్తున్నారు. మాదీ ఒకటి తవ్వాం. మోటారు బేరింగు పోతే మా ఆయన నెల్లూరు వెళ్ళి, వస్తూ వస్తూ బస్టాండు పక్కన నేల మీద పాత పుస్తకాలు పరుచుకున్న మనిషి దగ్గర దాన్ని కొన్నాడు. అట్ట లేదు.

"అట్ట లేకపోతే ఏందిమే, లోపల బొమ్మలుండాయి గదా" అన్నాడు. ఆయనకు ఒక్క అక్షరం కూడా రాదు. ఆయన లెక్కలో బొమ్మలే పుస్తకం, అక్షరాలు వాటి కింద వేసిన ముగ్గు.

ఆ రోజు వాన. బస్సు దిగి సైకిలు మీద ఇంటికి వచ్చేసరికి మనిషి కోడిపిల్లలా తడిసిపోయాడు. బేరింగును మాత్రం ప్లాస్టిక్ కవరులో చుట్టి పొడిగా తెచ్చాడు. పుస్తకం చొక్కా లోపల ఉంది. దాన్ని పొయ్యి పక్కన ఆరబెట్టి, రెండో రోజు పేజీలు ఒక్కొక్కటీ విడదీస్తే రంగులు కారిపోయి ఉన్నాయి. ఒక పేజీలో ఎర్ర పావడా కట్టుకున్న పాప ఉంది. ఆ పావడా ఎరుపంతా ఎదురు పేజీకి అంటుకుంది. ఎదురు పేజీలో ఒక నల్లపిట్ట నీళ్ళలోంచి పైకి లేస్తోంది. దాని ముక్కులో వంకరగా ఏదో ఉంది. ఆ వంకరదానికి ఎరుపు పట్టింది.

ఇంక మా ఊళ్ళో ఎవరికి చూపించండి, ఒక్కటే చెబుతారు. రొయ్య.

నీళ్ళలో ఉన్న రొయ్య ఎర్రగా ఉండదని, ఉడికితేనే ఎరుపెక్కుతుందని మాకు తెలియక కాదు. బొమ్మలు వేసే వాళ్ళకేం తెలుసులే పాపం అనుకున్నాం.

ఆ నల్లపిట్ట ఎవరో కూడా మాకు బాగా తెలుసు. నీటికాకి. మునిగిందంటే ముక్కులో రొయ్య లేకుండా పైకి రాదు. తింటే తిన్నదిలే అనుకోవచ్చు, తెగులొచ్చిన గుంటలో చచ్చిన రొయ్యను ఎత్తుకుపోయి మంచి గుంటలో పడేస్తుంది. దాంతో ఆ గుంటకూ తెగులు. అందుకే గుంటల మీద అడ్డదిడ్డంగా దారాలు కడతాం, డబ్బాల్లో రాళ్ళేసి తాడుకు వేలాడదీసి మోగిస్తాం, అరుస్తాం. మా ఊళ్ళో పిల్లలకు అమ్మా నాయనా తర్వాత వచ్చే మాట "హోయ్".

నా చదువు సంగం అనే ఊరి దగ్గర మా పుట్టింటి పల్లెలో, రెండో తరగతి. ఏటా నాట్లు మొదలైతే మా అమ్మ పొలంలోకి, నేను చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టు మీదికి. ఒక ఏడు నాట్లు అయిపోయినా నన్ను మళ్ళీ బడికి పంపలేదు, నేనూ అడగలేదు. అక్షరాలు వచ్చు. ఒక్కొక్కదాన్ని చూస్తే పలకరించగలను. నాలుగింటిని కలిపి మాట చేసేలోపు మొదటిది జారిపోతుంది. తక్కినవన్నీ గుర్తుంటాయి నాకు. ఎవరి పెళ్ళిలో ఏ కూర మాడిందో, ఏ వానకు ఎవరి గోడ పడిందో, నలభై ఏళ్ళ కిందటివి ఇప్పుడడిగినా చెబుతాను. అక్షరాల దగ్గర మాత్రం ఈ జ్ఞాపకం ఎక్కడికి పోతుందో తెలియదు.

అందుకని బొమ్మలు చదివాను. అక్షరాలకు చిన్నతనం కలగకుండా వేలు మాత్రం వాటి కిందనే నడిపించేదాన్ని.

మొదటి పేజీలో పిట్ట కొయ్య మీద కూర్చుని రెండు రెక్కలూ చాచి ఉంది. నీటికాకులు అట్లా రెక్కలు ఆరబెట్టుకుంటాయి. నేనేం చెప్పానంటే, "చూడు, రెండు చేతులూ చూపించి ఒట్టు పెడతా ఉండాది. నేనేమీ తియ్యలేదమ్మా, నా దగ్గరేముంది అని." రెండో పేజీలో నీళ్ళలో మునుగుతుంది. అక్కడ మా ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా అడగాలి: "ఓసి నల్లదానా, ఎవరి గుంటలో మునిగినావే?" మూడో పేజీలో రొయ్యతో పైకి లేస్తుంది. తర్వాత కర్రలు పట్టుకుని ఊరంతా వెంటపడతారు, అక్కడ అందరం "హోయ్ హోయ్". ఆ తర్వాత పిట్ట ఇంకో గుంట మీద ఎగురుతుంది. "పడేసిందా?" అంటాను నేను. "పడేసె!" అంటాడు మా ఆయన, సొంత గుంట పోయినంత బాధగా. తర్వాతి పేజీలో నీళ్ళ మీద గుండ్రంగా అలలు. ఎందుకున్నాయి? గాలి చక్రం తిప్పుతున్నారు, తెగులొచ్చిన గుంటకు గాలి అందాలి కదా. అక్కడ మా ఆయన గొంతులోంచి గరగరమని ఏరియేటర్ చప్పుడు చేస్తాడు. ఇంట్లో ఆయన ఒక్కడే చెయ్యాలి, వేరేవాళ్ళు చేస్తే కుదరదు. చివరి పేజీలో పిట్ట గడప ముందు తల వంచుకుని ఉంటుంది, ఎర్ర పావడా పాప చెయ్యి చాచి ఉంటుంది. "తప్పయింది తల్లీ, ఇంకెప్పుడూ రాను." అప్పుడు పాప, పాపతో పాటు మేమందరం, ఈసారికి వదిలేసినట్టు చెయ్యి విసిరి: "ఈ తూరికి పో!"

అది నిజంగా చివరి పేజీ కాదు. దాని తర్వాత ఇంకో కాగితం ఉండేదని కుట్టు దగ్గర చిరుగు చెబుతూనే ఉంది. అది కొన్నప్పుడే లేదు. లేనిదాని గురించి ఎవరు ఆలోచిస్తారు?

మా అబ్బాయి ఆ కథ మీదే పెరిగాడు. తర్వాత పుస్తకం చాలా ఏళ్ళు పెట్టెలో ఉంది. మనవరాలికి రెండేళ్ళు వచ్చాక మళ్ళీ తీశాను. ఇప్పుడు దానికి ఆరు. సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బొరుగులు గిన్నెలో పోసుకుని నా ఒళ్ళో చేరుతుంది. నాలుగేళ్ళలో ఆ పుస్తకం ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఒక్క మాట మారినా ఒప్పుకోదు.

"నిన్న 'కర్రలెత్తుకోని' అన్నావు. ఈపొద్దు 'కర్రలు తీసుకోని' అంటా ఉండావు."

"రెండూ ఒకటే గదమ్మా."

"కాదు. పుస్తకంలో ఏముంటే అదే చదువు."

మా కోడలు పొయ్యి దగ్గర నుంచి పమిట నోట్లో కుక్కుకుని నవ్వేది. కోడలికి చదువు వచ్చు. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఆ పుస్తకం ఒకసారి తిరగేసింది. ఆ నవ్వు ఎందుకో నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

మొన్న వానాకాలంలో ఒక బుధవారం పిల్ల బడి నుంచి వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. బొరుగుల గిన్నె తీసుకుంది. తీసుకుని, నా ఒళ్ళోకి రాకుండా ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడింది.

"అవ్వా, నీకు చదువు వచ్చా?"

ఇరవై తొమ్మిదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.

"రాకనే రోజూ చదవతా ఉండానా?" అన్నాను. నోటికి ముందు వచ్చింది అదే.

అప్పుడు చెప్పింది. బడికి కొత్త పుస్తకాల పెట్టె వచ్చిందట. మేడం అందులోంచి ఒకటి తీస్తే అది మన పుస్తకమేనట, అట్టతో సహా. మా పిల్ల ఎగిరి గంతేసి, నాకు ఈ కథ వచ్చు మేడం, నేను చెబుతానంది. సరే చెప్పమన్నారు. రొయ్యా, తెగులూ, గరగరా, ఈ తూరికి పో, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పింది. తర్వాత మేడం చదివారట. అందులో రొయ్య లేదు. పాప కాలి పట్టీ నీళ్ళలో జారిపోయింది. పిట్ట మునిగి ఆ పట్టీ తెచ్చింది. అది దొంగ అనుకుని ఊరంతా దాన్ని తరిమారు. పిట్ట తిరిగి తిరిగి పాప ఇల్లు వెతుక్కుని వచ్చి ఇచ్చింది.

"అది దొంగ కాదంట అవ్వా" అంది. "అందరూ నవ్వినారు. నా పక్కన కూర్చునే పిల్ల, మీ అవ్వకి చదువు రాదే, ఉత్తుత్తిగా చదవతా ఉండాది అనింది."

నేను అప్పుడైనా ఒప్పుకుని ఉండాల్సింది. "అది వేరే పుస్తకమై ఉంటాదిలే. మనది వేరే" అన్నాను.

పిల్ల నా ముఖంలోకి చూసింది. "శనివారం పుస్తకాలు ఇంటికిస్తారు. తెస్తా. రెండూ పక్కపక్కన పెట్టి చదువు" అని, బొరుగులు తీసుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నా ఒళ్ళో ఎవరూ లేరు. గురువారమూ అంతే. బరువు దిగితే కాళ్ళకు సుఖంగా ఉండాలి కదా, నాకేమో ఒళ్ళు తేలిపోతున్నట్టు ఉంది. పిల్ల రేపు పెద్దదవుతుంది, ఒళ్ళోంచి ఎటూ లేచిపోతుంది, అది నాకు తెలుసు. కానీ మా అవ్వ అబద్ధాలాడుతుందని లేచిపోవడం వేరు.

శుక్రవారం మధ్యాహ్నం పుస్తకాన్ని పమిట కింద పెట్టుకుని గుంట దగ్గర మోటారు షెడ్డులోకి వెళ్ళాను. మేత బస్తాల మీద కూర్చుని, పిట్ట నీళ్ళలోంచి లేచే పేజీ తెరిచాను. ఒక్క పేజీ అయినా నిజంగా చదివి తీరాలని పట్టుదల. పి. ట్ట. ఆ రెండూ కలిసేసరికే చెమట పట్టింది. ముక్కు అన్న మాట దగ్గర ఎంతసేపు ఆగానో తెలియదు. దాని తర్వాత పాప. అది సులువుగా వచ్చింది, ఎంత సంతోషమైందో. తర్వాతది ప. దాని పక్కన ట్టీ. కలిపాను. విడదీసి మళ్ళీ కలిపాను. ఎట్లా కలిపినా రొయ్య కాలేదు. రొయ్య అని రాయాలంటే ర ఉండాలి కదా, ఆ చుట్టుపక్కల ఎక్కడా ర లేదు.

పట్టీ. ఇరవై తొమ్మిదేళ్ళు నా వేలు దాని మీద నుంచే నడిచి పోయింది.

"ఏంది మా, ఈడ కూర్చోనుండావు?"

మా అబ్బాయి. మేత కోసం వచ్చాడు. పుస్తకం దాచే సమయం లేదు. ఆ పేజీ చూశాడు, నన్ను చూశాడు, బస్తా మీద పక్కన కూర్చున్నాడు.

"పట్టీ అంటరా ఇది" అన్నాను.

"అవును మా."

"నీకు తెలుసా?"

"మూడో తరగతిలో తెలిసింది."

"మరి చెప్పకుండా ఎట్ట ఉండావురా?"

"చెప్దామనే పుస్తకం ఎత్తుకోని వచ్చినా. నువ్వు రోటి కాడ పప్పు రుబ్బతా ఉండావు. నా చేతిలో పుస్తకం చూసి, చెయ్యి కూడా కడగకుండా 'ఓసి నల్లదానా' అన్నావు. నేను కూడా 'ఎవరి గుంటలో మునిగినావే' అన్నా. ఇంకేం చెప్పేది?"

"నీ కూతురికైనా నిజం చెప్పొచ్చు గదా. నువ్వు చదివేటప్పుడు కూడా రొయ్య అనే చదివినావు."

"పట్టీ అంటే ఎవరు నమ్మతారు మా?" అన్నాడు వాడు, చాలా నిజాయితీగా. "పిట్ట పట్టీ ఎత్తుకుపోయిందని ఊరంతా కర్రలేసుకోని పరిగెత్తతారా? రొయ్య అంటే పరిగెత్తతారు. నీ కథే బాగుండాది."

నవ్వు వచ్చింది నాకు. వచ్చినా ఎక్కువసేపు ఉండలేదు. "రేపు పిల్ల రెండు పుస్తకాలూ ముందు పెడతాది. ఏం చెయ్యమంటావు?"

"రాదని చెప్పెయ్."

"చెప్తే ఇంక నా కాడికి రాదురా."

వాడు లేచాడు. మేత బకెట్టు తీసుకుని, తలుపు దగ్గర ఆగి, "ఆ ఒక్క పేజీ అయినా ఆగకుండా వస్తాదా నీకు?" అని అడిగాడు. పరీక్షకు పంపే తండ్రిలా ఉంది వాడి వాలకం.

శనివారం వచ్చింది. వాన లేదు, ఎండ కూడా సరిగ్గా లేదు. వసారాలో చాప పరిచి పిల్ల రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టింది. కొత్తది నిగనిగలాడుతోంది. అందులో పట్టీ వెండి రంగులో, గుండుసూది మొన అంత మువ్వలతో సహా కనిపిస్తోంది. గుడ్డివాళ్ళు కూడా రొయ్య అనరు. మా పాతది దాని పక్కన తడిసి ఆరిన అప్పడంలా ఉంది. మా ఆయన కోళ్ళ గంప బాగుచేసే నెపంతో వసారాలోనే ఉన్నాడు. కోడలు గుమ్మంలో కూరగాయలు ముందేసుకుంది. అబ్బాయికి ఆ వేళకు గుంట దగ్గర పని లేకుండా పోయింది.

"చదువు" అంది పిల్ల. వాళ్ళ మేడం ఎట్లా అంటుందో అట్లాగే అని ఉంటుంది.

ఆ పేజీ తెరిచాను. "పి... ట్ట. ము... క్కు... ముక్కులో. పాప... ప... పట్టీ." తర్వాత ఇంకో రెండు మాటలున్నాయి. వాటిని నేను షెడ్డులో చదవలేకపోయాను, ఇప్పుడూ చదవలేకపోయాను.

పిల్ల పుస్తకం చూడటం లేదు, నా వేలు చూస్తోంది. "రోజూ నీ వేలు ఆగకుండా పోయేది" అంది. "ఈపొద్దు ప్రతి అక్షరం కాడా ఆగతా ఉండాది."

"రోజూ చదవలేదమ్మా. ఈపొద్దు చదవతా ఉండా."

"అంటే నీకు రాదు."

"రాదు. రెండో తరగతితో ఆపేసినారు. ఈ ఒక్క ముక్క నిన్న నేర్చుకున్నా."

"మరి మొన్న వచ్చు అన్నావే?"

"అబద్ధం చెప్పినా."

కొట్టినా బాగుండేది. పిల్ల కొత్త పుస్తకం మాత్రం తీసుకుని వసారా ఆ చివరకు పోయి, మాకు వీపు పెట్టి కూర్చుని, తనకు తనే మొదటి నుంచి చదువుకోవడం మొదలుపెట్టింది. దానికీ ఇంకా గబగబా రాదు. ఒక్కో అక్షరం లాగి లాగి, మధ్యలో ఊపిరి తీసుకుని చదువుతోంది. పిట్ట మునిగింది. మా ఆయన గంప వదిలేసి నోరు తెరిచాడు, ఓసి నల్లదానా అందామని. నేను కళ్ళతోనే వద్దన్నాను. పిట్ట లేచింది. జనం తరిమారు. గుండ్రటి అలల పేజీ వచ్చింది, పోయింది. మా ఆయన గొంతు సవరించుకుని, మళ్ళీ మింగేశాడు. అంత దిగులుగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

గడప పేజీ దగ్గర పిల్ల ఆగిపోయింది. "గు... గు... మ్... అమ్మా, ఇదేంది?"

"చేతిలో కత్తిపీట ఉండాది, ఉండు" అంది కోడలు. ఆవిడ వంకాయ కోస్తున్న తీరు చూస్తే ఆ ఒక్క వంకాయకు పొద్దుగూకేలా ఉంది.

"నాయనా?"

"నాకు చీకట్లు కమ్మతా ఉండాయి, కనపడదు" అన్నాడు మా అబ్బాయి, పట్టపగలు.

పిల్ల లేచి పుస్తకం పట్టుకుని, ఎవరివైపూ చూడకుండా, చాప అంచు దాకా వచ్చింది. నాకు నాలుగు వేళ్ళ దూరంలో ఆగింది. "గు తర్వాత ఇదేందో నీకేమైనా తెలుసా?"

అక్షరం చూశాను. నాకు తెలియలేదు. బొమ్మ చూశాను. పిట్ట ఎక్కడ నిలబడి ఉంది? "గుమ్మం అని ఉంటాదేమో చూడు."

"గు... మ్మం. గుమ్మం!" అంది. మళ్ళీ చూసింది. "గుమ్మం ముందు. అవును. నీకు ఎట్ట తెలిసింది, చదువు రాదన్నావు?"

"బొమ్మలో పిట్ట ఆడనే గదా నిలబడుండాది."

పిల్ల బొమ్మ వైపు చూసింది. తర్వాతి మాట దగ్గర కూడా ఆగింది. ఈసారి అడగలేదు, అక్షరం మీద తన వేలు పెట్టి, నా చెయ్యి పట్టుకుని బొమ్మ మీద పెట్టింది. అది అక్షరాలు లాగుతుంది, నేను బొమ్మలో వెతుకుతాను. అది "త... ల..." అంటుంది, నేను "వంచుకోనుండాది చూడు" అంటాను. అది మళ్ళీ సరిచూసి, "వంచి అని ఉండాది, వంచుకోని అని లేదు" అని నన్ను దిద్దుతుంది. ఇద్దరం కలిసి ఆ పేజీని ఒడ్డుకు చేర్చేసరికి అది నా ఒళ్ళో ఉంది. ఎప్పుడెక్కిందో నేను చూడలేదు, చూస్తే దిగిపోతుందేమోనని.

తర్వాత పేజీ తిప్పింది. మా పుస్తకంలో లేని కాగితం.

ఇరవై తొమ్మిదేళ్ళు ఆ చిరుగు చూసిన వాళ్ళం, అందరం వచ్చి వంగాం. ఎర్ర పావడా పాప రెండు కాళ్ళకూ పట్టీలు పెట్టుకుని ఉంది. పిట్ట పాప భుజం మీద ఉంది. తరిమిన జనమంతా కర్రలు కింద పడేసి, తలలు వంచుకుని నిలబడ్డారు. వాళ్ళలో పై పంచె వేసుకున్న ఒక మనిషి అచ్చం మా ఆయనలాగే ఉన్నాడు.

నాకు ఆ పిట్టను చూస్తే సిగ్గేసింది. మొదటి పేజీలో అది పాపం రెక్కలే ఆరబెట్టుకుంది. నేను దాని చేత దొంగ ఒట్టు పెట్టించాను. ఎన్ని వేలసార్లు మా ఇల్లంతా కలిసి దాన్ని తరిమాం! "తప్పయిందే నల్లదానా" అన్నాను, నిజంగానే.

"ఈ తూరికి పో!" అంది నా ఒళ్ళోంచి మనవరాలు. చెయ్యి నా వైపు విసిరింది, పిట్ట వైపు కాదు.

అందరం నవ్వాం. పిల్ల మాత్రం ఇంకా పుస్తకం వెనక్కీ ముందుకీ తిప్పుతోంది. "గరగర ఎక్కడుంది?"

"దీంట్లో లేదు."

"మరి తాత ఏం చెయ్యాల?"

ఆ ప్రశ్నకు మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా జవాబు కావాల్సింది మా ఆయనకే. పిల్లా నేనూ కూర్చుని తేల్చాం. బడి పుస్తకం చదివేటప్పుడు అది చదువుతుంది, నేను బొమ్మల్లో సాయం. మా పాతది చదివేటప్పుడు నేనే, రొయ్యే, గరగరే, ఒక్క మాట మారకూడదు.

సోమవారం పిల్ల కొత్త పుస్తకంతో పాటు మా పాతదాన్నీ బడికి తీసుకుపోయింది. నేను వద్దన్నాను, ఇంకా నవ్వుతారని. సాయంత్రం బొరుగుల గిన్నెతో తిన్నగా ఒళ్ళోకి వచ్చి చెప్పింది. మేడం రాకముందే ఆ ఒక్క పేజీ తెరిచి తరగతి అంతా తిప్పిందట. మీ అవ్వకి చదువు రాదన్న పిల్ల ముక్కు దగ్గర పెట్టి, "దీని నోట్లో ఏముందో చెప్పు" అందట. ఆ పిల్ల వాళ్ళవీ రొయ్యల గుంటలే.

"ఏమనింది?"

"రొయ్య అనింది. ఉడకబెట్టిన రొయ్య అనింది."

ఇప్పుడు మా పిల్ల బాగానే చదువుతోంది. నేను కూడా దాని వెనకాల కుంటుకుంటూ నడుస్తున్నాను, మేత బస్తాల మీద రాసిన పేర్లు ఆగి ఆగి చదువుతాను. ఒక్కటే చిక్కు వచ్చి పడింది. ఆదివారం పూట పిల్ల గుంట దగ్గరికి వస్తుంది. మొన్న నీటికాకి ఒకటి మునిగి లేచింది. మా ఆయన తాడు పట్టుకుని డబ్బాలు మోగించబోయాడు.

"ఆగు తాతా! నోట్లో ఏముందో చూసి తరుము."

ఆయన తాడు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందుకు వంగి, పిట్ట వైపు చాలాసేపు చూశాడు. పిట్టకూ తొందర లేదు, కొయ్య మీదికి చేరి రెక్కలు చాచింది.

"రొయ్యేనమ్మా" అన్నాడు చివరికి, అనుమతి అడుగుతున్నట్టు.

"మువ్వలు లేవా?"

"లేవు. మీసాలుండాయి."

"అయితే తరుము."